తొలి కూత ఎవరిది?

నార్పోలి, భివండి
17 నవంబరు 2024

సుశీలక్కకు,

తమ్ముడు బుచ్చిరాములు దండం పెట్టి రాసేది. మేమంతా ఉన్నట్టే ఉన్నాం. క్షేమం అని రాయాలంటే చెయ్యి రావడం లేదు, కాదని రాయడానికి జరిగిందీ ఏమీ లేదు. మొన్న నీ కూతురు రోజా ఫోన్ చేసి నీకు ఇచ్చినప్పుడు నేను అరిచిన అరుపులకు మా గల్లీ అంతా తలుపులు తెరిచింది. నువ్వు మాత్రం అన్నింటికీ "ఆఁ, ఆఁ" అన్నావు. నీ చెవులకూ ఫోనుకూ పొత్తు కుదరదు గనుక మళ్లీ కాగితం పట్టాను. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

అక్కా, అసలు సంగతి నీ కొడుకు గురించి. మన నేతవాళ్ల సమాజం కబడ్డీ జట్టును నేను చూసుకోవడం మొదలుపెట్టి పన్నెండేళ్లు. కిషన్ అంతకుముందు నుంచే ఆడుతున్నాడు. కొబ్బరికాయ కొట్టాక తొలి కూత వాడిదే. ఎనిమిది మరమగ్గాల సాంచాల మధ్య రోజుకు పన్నెండు గంటలు నిలబడేవాడికి ఆ అర నిమిషం ఒక్కటే సొంతం. వాడుండే గైబీ నగర్‌లో వాడిని జనం పేరు పెట్టి పిలిచేది కూడా ఆ కూత వల్లనే. నాకు తెలుసు ఇదంతా. అందుకే రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఏడాదిగా వాడి ఆట బాగాలేదు. మొన్న కల్యాణ్‌లో ఏడుసార్లు కూతకు వెళ్లి నాలుగుసార్లు దొరికిపోయాడు. అదైనా పోనీ అనుకోవచ్చు, ముప్పై నాలుగేళ్లు వచ్చాయి. కానీ నా మాట లెక్కచేయడం లేదు. "వెనక్కి రా" అని నేను గొంతు చించుకుంటే ముందుకే పోతాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉంది. ఈ సామెత నీకు రాయకూడదు, కానీ కొట్టేస్తే కాగితం పాడవుతుంది.

మా బావమరిది నర్సింగ్ కొడుకు శుభమ్ ఉన్నాడు కదా, వాడికి ఇరవై. కాళ్లలో జింక ఉంది, తలలో ఇంకా ఏమీ లేదు. ఫిబ్రవరి ఒకటిన మార్కండేయ జయంతి పోటీలు. వాడిని దింపాలా, ఇంకో ఏడాది కూర్చోబెట్టాలా? ఇప్పుడే దింపితే బెదిరిపోతాడేమో. దింపకపోతే మూడో ఏడు కూడా మొదటి ఆటలోనే ఇంటికొస్తాం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నువ్వు చెప్పు.

నీ తమ్ముడు
రాములు


సిరిసిల్ల
27 నవంబరు 2024

రాములుకు అక్క రాసేది.

నీ ఉత్తరం వచ్చిన రోజు రోజా కొడుకుకు జ్వరం. ఒక చేత్తో వాడికి తడిగుడ్డ, ఇంకో చేత్తో నీ ఉత్తరం. భివండి వదిలి వచ్చి మూడేళ్లయినా ఇక్కడి ఆడవాళ్లు నన్ను ఇంకా "సుశీలాబాయి" అనే పిలుస్తారు. బొంబాయి నుంచి వచ్చిన దొరసానిని అన్నమాట. ఇరవై ఏళ్లు సాంచాల రొదలో నూలు కాండీలు చుట్టి చుట్టి చెవులు పోగొట్టుకున్న దొరసాని.

సలహా అడిగావు. నువ్వు సలహా అడిగావంటే పని ముందే చేసి పెట్టుకున్నావని అర్థం. మన నాయన ఇల్లు మార్చినప్పుడూ ఇట్లాగే అడిగావు, అప్పటికే సామాను బండి ఎక్కింది.

నేను ఒకటే అడుగుతాను. భివండిలో ఇంతమంది పిల్లలుండగా నీకు నర్సింగ్ కొడుకే ఎందుకు కనిపించాడు? నీ కూతురు కోమల్‌కు వరసైనవాడని కాదా? రేపు అల్లుడు కాబోయేవాడు నలుగురిలో గొప్పగా కనబడాలి, అందుకు అక్క కొడుకు పక్కకు జరగాలి. మా మరదలి ఆలోచనో నీ ఆలోచనో నాకు తెలియదు. మేనమామ చేతుల మీద పెరిగిన వాడు రా కిషన్. వాళ్ల నాన్న పోయినప్పుడు నీ చెయ్యి పట్టుకునే శ్మశానానికి వెళ్లాడు. ఇప్పుడు నీకు బరువయ్యాడా?

ముప్పై నాలుగేళ్లకే ముసలివాడంటే, నీకు యాభై ఎనిమిది. నిన్నెవరు తీసేస్తున్నారు?

జ్వరం తగ్గింది.

అక్క


నార్పోలి
8 డిసెంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నాకు అక్కవు గనుక అంటావు, నేను పడతాను. కానీ లేనిది అనకు. కోమల్ అంజూర్ ఫాటా దగ్గర గోదాము ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తోంది. శుభమ్ దానికంటే మూడేళ్లు చిన్న. వాడు ఇంటికొస్తే ఇది "అభ్యాస్ ఝాలా కా రే?" అని, చదువుకోవడం అయిందా అని చిన్నపిల్లాడిని అడిగినట్టు, మరాఠీలో ఆటపట్టిస్తుంది. ఆ సంబంధం మా ఇంట్లో ఎవరి కలలోకీ రాలేదు, సిరిసిల్లలో నీ కలలోకి ఎట్లా వచ్చిందో.

నీకు కోపం వస్తుందని దాచినది ఒకటుంది, చెప్పేస్తాను. పోయిన ఆదివారం పిల్లలందరినీ రెండు జట్లు చేసి ఆడించాను. కిషన్ కూతకు వెళ్లాడు. గీత తొక్కాడని సీటీ ఊదారు. అందరూ ఆగారు. వాడు ఆగలేదు. ఎదుటి జట్టులో నిలబడిపోయిన పాండును మోకాలితో గుద్దాడు. పాపం పాండుకు పెదవి చీలి రక్తం. నేను ఉరికి వెళ్లి రెక్క పట్టుకుని ఇవతలికి లాగాను.

"సీటీ ఇనబడలేదారా?" అన్నాను.

"సీటీ యాడ ఊదిండ్రు మామా?" అన్నాడు, అందరి ముందు.

మైదానంలో ముప్పై మంది విన్న సీటీ అది. పొగరు కాకపోతే ఏమిటి చెప్పు. నేను తిడుతుంటే కళ్లలోకి చూడడు, నా నోటి వంకే చూస్తుంటాడు, పెద్దవాడిని వెక్కిరిస్తున్నట్టు. కూత కూడా మారింది. ఇంతకుముందు గాలి తీసినంత సన్నగా ఉండేది, ఇప్పుడు అంగట్లో కూరగాయలు అమ్మినట్టు అరుస్తాడు. ఇంట్లోనూ అంతేనట. నీ కోడలు రూపాలి మా ఇంటికొచ్చి, "ఏదడిగినా కయ్యిమంటడు మామయ్యా" అని కళ్లు తుడుచుకుంది.

అలసిపోయానక్కా. పొద్దున సాంచాలు, సాయంత్రం వీళ్లు.

రాములు


సిరిసిల్ల
18 డిసెంబరు 2024

రాములూ,

కోమల్ సంగతి తప్పుగా అనుకున్నాను. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను, మిగతావి తీసుకోవడం లేదు.

నీ ఉత్తరం చదివి రోజా చేత కిషన్‌కు ఫోన్ చేయించాను. వాడు కార్ఖానాలో పాళీ దిగి అప్పుడే ఇంటికి వచ్చాడట. "అన్నా, తిన్నవా?" అని అడిగితే, "పదకొండింటికి" అన్నాడట. "మామతోని ఏమన్న లొల్లి అయిందా?" అంటే "ఆఁ, మంచిగనే ఉన్నం" అని పెట్టేశాడట. రోజా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చెల్లెలితో కూడా రెండు మాటలు మాట్లాడలేనంతగా మనసు విరిగింది వాడికి. నువ్వు విరగ్గొట్టావు.

పాండుకు దెబ్బ తగిలింది, సరే. ఆటలో తగలవా? నీకు కిషన్ వల్ల పడ్డ చప్పట్లు గుర్తులేవు, పాండు పెదవి గుర్తుంది. ఏరు దాటిందాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న.

ఈ జయంతికి తొలి కూత వాడిదే కావాలి. కాకపోతే రాఖీ పున్నానికి నా కోసం ఎదురు చూడకు. ఇంతకంటే నాకు రాయాలని లేదు.

సుశీల


నార్పోలి
1 జనవరి 2025

అక్కా,

కొత్త సంవత్సరం అంటున్నారు. పక్క షెడ్డు వాళ్లు పటాకులు కాల్చారు. నాకు అదే సంవత్సరం సాగుతున్నట్టుంది.

నువ్వు అన్నావని నా మనసుకు విరుద్ధంగా కిషన్‌నే ముందుంచి మొన్న అంజూర్ ఫాటా జట్టుతో ఆడించాను. ఓడిపోయాం. ఆరుసార్లు దొరికాడు. నేను కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాను, వాడి మీద కోపంతో కాదు, ఎక్కడ పోతోందో తెలుసుకుందామని. ఎదురుగా వచ్చినవాడికి ఇప్పటికీ చిక్కడం లేదు. నడుము తిప్పితే ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. ఆరుసార్లూ వెనక నుంచి వచ్చిన మూలవాడే పట్టాడు. ఒకప్పుడు వెనక ఎవడి కాలు కదిలినా చూడకుండానే తెలిసేది వాడికి. ఇప్పుడు నడుం మీద చేతులు పడేదాకా తెలియడం లేదు. మనిషి అక్కడున్నాడు, ధ్యాస ఎక్కడో ఉంది.

శుభమ్‌ను చివరి పది నిమిషాలు దింపాను. ఐదు పాయింట్లు తెచ్చాడు. రెండు తప్పులూ చేశాడు, అయినా తెచ్చాడు. బయటికొచ్చి నా కంటే ముందు కిషన్ దగ్గరకే వెళ్లి, "అన్నా, మంచిగ ఆడిన్నా?" అని అడిగాడు. కిషన్ వాడి తల నిమిరాడు. ఇద్దరి మధ్యా ఏమీ లేదు. ఉన్నదంతా నీకూ నాకూ మధ్యనే.

నీ రాఖీని పందెం పెట్టకక్కా. నలభై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు. నన్ను నా పని చేయనివ్వు.

రాములు


సిరిసిల్ల
11 జనవరి 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంగా చదివాను. రెండోసారి, వెనక నుంచి వచ్చినవాడే ఆరుసార్లూ పట్టాడన్న చోట ఆగిపోయాను. మూడోసారి నీ పాత ఉత్తరాలు కూడా తీసి పక్కన పెట్టుకున్నాను.

రాములూ, వాడికి పొగరు లేదు. వాడికి వినిపించడం లేదు.

సీటీ వినలేదు. నీ అరుపు వినలేదు. నోటి వంక చూస్తున్నాడంటే వెక్కిరించడానికి కాదు, పెదాలు చదువుకుంటున్నాడు. ఫోనులో ముఖం కనబడదు గనుక చెల్లెలికి నోటికొచ్చిన జవాబు చెప్పాడు, నేను చెప్పినట్టే. నాకు చెవులు పోయిన ఆరేళ్లకు గానీ మీకెవరికీ తెలియలేదు, గుర్తుందా? షెడ్డులో సాంచాల రొదకు అందరం పెదాలతోనే మాట్లాడుకుంటాం. అక్కడ చెవిటివాడూ చెవులున్నవాడూ ఒకటే. కార్ఖానాలో ఉన్నంతసేపూ దాగిపోతుంది, ఇంటికొచ్చాక పొగరని పేరు పడుతుంది. మీ బావ నాతో ఏడాది మాట్లాడలేదు. "అక్కకు బాగ గీర ఎక్కింది" అని నువ్వూ అన్నావు. నేను పెదాలు చదివి తెలుసుకున్నాను.

నమ్మకం లేకపోతే శుక్రవారం కార్ఖానా బంద్ ఉన్నప్పుడు వెళ్లు. వెనక నిలబడి పేరు పెట్టి పిలువు.

తొలి కూత శుభమ్‌కే ఇవ్వు. వెనక వచ్చేవాడి అడుగు వినబడని వాడిని ఏడుగురి మధ్యలోకి పంపకు, ఎప్పుడో మెడ విరుగుతుంది. నేను అన్న మాటలన్నీ రద్దు. కానీ వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకో. ముఖం చూపించి, నెమ్మదిగా చెప్పు. ఇది ఒక్కటి చెయ్యి, నీకు పుణ్యముంటుంది.

అక్క


నార్పోలి
29 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం పోయిన వారం వచ్చింది. తెరవలేదు. తప్పే, కానీ నిజం చెబుతున్నాను. కవరు బరువు చూస్తేనే ఎన్ని తిట్లున్నాయో తెలిసిపోయింది. అవి చదివితే మళ్లీ నీ మాటకే తలొగ్గుతాను. దేవుడి పటం వెనక పెట్టాను. జయంతి అయ్యాక ఎన్ని తిట్టావో అన్నీ ఒకేసారి చదువుకుంటాను.

నిర్ణయం తీసుకున్నాను. తొలి కూత శుభమ్‌ది. కిషన్ బయట ఉంటాడు, అవసరమైతే దింపుతాను.

వాడికి నేనే చెప్పాను, ఇంకెవరి నోటి నుంచీ వినకూడదని. మొన్న సోమవారం ఆట అయ్యాక వాడు నల్లా దగ్గర వంగి ముఖం కడుక్కుంటున్నాడు. ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదక్కా. ఎత్తుకుని పెంచినవాడు. వెనక నిలబడి, నీళ్ల చప్పుడులోనే మొత్తం చెప్పేశాను. "నువ్వు తక్కువోనివని కాదు రా, ఇగ పిల్లగాండ్లకు ఇయ్యాలె, ఈసారి శుభమ్ పోతడు, మనసుల పెట్టుకోకు" అన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నల్లా కట్టేసి, తువ్వాల భుజాన వేసుకుని తిరిగాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఇంకా పోలేదా మామా? పా, చాయ్ తాగుదం" అన్నాడు.

నీ కొడుకు మనసు అంత పెద్దదని నాకు తెలియదు. చాయ్ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు. రాత్రంతా నీకు మనసులోనే దండం పెట్టుకున్నాను, ఇట్లాంటి కొడుకును కన్నందుకు.

రాములు


నార్పోలి
8 ఫిబ్రవరి 2025

అక్కా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

కొబ్బరికాయ కొట్టారు. సమాజం పెద్దలంతా ముందు వరసలో కుర్చీల్లో ఉన్నారు. శుభమ్ గీత దగ్గరకు నడిచాడు. ఇటు వైపు నుంచి కిషన్ కూడా నడిచాడు. నేను "కిషన్, బయటకు రా" అని అరిచాను. సీటీ రెండుసార్లు ఊదారు. వాడు వంగి గీత తాకి కళ్లకద్దుకుని కూత మొదలుపెట్టాడు. ఒకే జట్టుకు ఇద్దరు కూతగాళ్లు. ముందు ఎదురు జట్టు నవ్వింది, తర్వాత జనమంతా నవ్వారు. వాడు కూత పెడుతూనే ఉన్నాడు.

శుభమ్ పరుగెత్తి వాడి ముందుకు వెళ్లాడు. రెండు భుజాలూ పట్టుకుని, గొంతు లేకుండా, షెడ్డులో మనం మాట్లాడుకునేటట్టు పెదాలతో చెప్పాడు. ఇంత దూరం నుంచి నేనూ చదివాను. "అన్నా, ఇయ్యాల నేను పోవాలె. మామ చెప్పలేదా?"

కిషన్ కూత ఆపాడు. నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు గురించి రాయలేను. బయటకు వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఆట అయ్యేదాకా, పక్కవాళ్లు చప్పట్లు కొట్టినప్పుడల్లా తనూ కొట్టాడు.

రెండు ఆటలు గెలిచాం, మూడోది ఓడాం. శుభమ్‌ను జిల్లా జట్టు వాళ్లు పేరు అడిగి రాసుకున్నారు. సరైన పని చేశావు అని అందరూ నా వీపు తట్టారు. సరైనదే. అందుకే ఎక్కువ కుములుతున్నాను.

ఇంటికొచ్చి నీ ఉత్తరం తెరిచాను. పదకొండు రోజులు అది నా నెత్తి మీదే ఉంది.

నిన్న శుక్రవారం. కార్ఖానా బంద్. వాడు ఒక్కడే సాంచాకు నూనె పెడుతున్నాడు. వెనక నిలబడి పిలిచాను. మూడుసార్లు పిలిచాను, మూడోసారి గట్టిగా. తిరగలేదు. ముందుకు వెళ్లి నిలబడ్డాను. నేను నోరు తెరిచే లోపే వాడే అన్నాడు.

"రెండేండ్లయింది మామా. ఎడమ చెవు మొత్తం పోయింది. కుడిది జర్రంత ఉన్నది."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తె తీసేస్తవని."

వాడన్నది నిజమే అక్కా. చెప్పి ఉంటే తీసేసేవాడిని. "మామా, నువ్వు తీసేసినందుకు నాకు బాధ లేదు. గంతమందిల నవ్వులపాలు చేసినవ్" అన్నాడు. కాళ్లు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు. మళ్లీ నూనె డబ్బా తీసుకున్నాడు.

నువ్వు తిట్టు. ఈసారి వెంటనే తెరుస్తాను.

రాములు


సిరిసిల్ల
17 ఫిబ్రవరి 2025

కిషన్‌కు అమ్మ రాసేది.

ఈ కవరు మీద నీ పేరు చూసి ఆశ్చర్యపోతావు. తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివావు, కూడబలుక్కుని నువ్వే చదువుకో. ఎవరి చేతా చదివించుకోకు.

నవంబరు నుంచి మీ మామా నేనూ నీ గురించి ఎనిమిది ఉత్తరాలు రాసుకున్నాం. నువ్వు తీసేయాల్సినవాడివా, ఉంచాల్సినవాడివా, పొగరున్నవాడివా, మనసు విరిగినవాడివా అని కొట్లాడుకున్నాం, ఒట్లు పెట్టుకున్నాం. ఆఖరికి నీకు చెవులు వినబడవని కనిపెట్టాక కూడా ఆ మాట నేను మామకే రాశాను. నీకు రాయాలని తోచలేదు. తోచి ఉంటే ఆ రోజు నువ్వు గీత దాకా నడిచేవాడివి కాదు. మామది ఎంత తప్పో నాదీ అంతే.

చెవులు పోయిన సంగతి నేనూ దాచాను రా. నన్ను కాండీ పని నుంచి తీసేస్తారని దాచాను. నువ్వప్పుడు ఎనిమిదేళ్లవాడివి. బడి నుంచి వచ్చి వెనక నుంచి అమ్మా అమ్మా అని పిలిచేవాడివట. నేను పలికేదాన్ని కాదు. అమ్మ నాతో మాట్లాడడం లేదని నువ్వు మామ దగ్గర ఏడ్చావని చాలా ఏళ్లకు తెలిసింది. నీకు అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను.

రోజా చెవి మిషన్ గురించి కనుక్కుంటోంది. అది తర్వాతి మాట. ఆట గురించి నేను అడగను. శుభమ్ గురించీ అడగను.

నువ్వు ఎట్లున్నావు? షెడ్డులో ఉన్నప్పుడు కాదు, బయటకు వచ్చాక, అందరూ మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో కూర్చుని ఎట్లుంటున్నావు? తప్పులున్నా పరవాలేదు, నీ చేత్తో రాయి. మామతో చెప్పి పంపకు. నాకు రాయి.

అమ్మ